ఆ బొగ్గు వయసు నాకు తెలుసు

పద్నాలుగేళ్ళుగా ఒక అంకెను కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. ఒక్కటే అంకె. మొన్నటి దాకా ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. నా పిల్ల పుట్టినరోజైనా మరిచిపోతానేమో గాని దాన్ని మాత్రం మరిచిపోను. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. హైవే మీద లేన్ మారుతుంటే గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను "నువ్వు చాలా సిన్సియర్" అని మెచ్చుకుంటే చాలు, అదే గుర్తొస్తుంది.

మీరు ఎవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ముఖం తెలిసినవాళ్ళకు చెప్పబోయి మూడుసార్లు వెనక్కి వచ్చాను. నా పేరు చెప్పను. నేను పనిచేసిన చోటు పేరు చెప్పను. నేను అన్యాయం చేసిన పెద్దాయన పేరూ చెప్పను. ఆయన పరువు కోసం అనుకునేరు, కాదు, నా కోసమే. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు తలుపులన్నీ వేసుకుంటున్నాను.

ఇవాళ శనివారం. అరోరా ఊళ్ళో మా అమ్మాయి డాన్స్ క్లాసు బయట, పార్కింగ్‌లో, కారులో కూర్చుని ఉన్నాను. గంటన్నర టైముంది. పక్క కార్లలో తల్లిదండ్రులు ఫోన్లు చూసుకుంటున్నారు. నేనూ వాళ్ళలాగే కనిపిస్తూ ఉంటాను. ఒక వాక్యం టైప్ చేయడానికి రెండు వాక్యాలు చెరపాల్సి వస్తోంది.

మొదటి నుంచి చెబుతాను. చెప్పగలిగినంత.

పెళ్ళికి ముందు నుంచే నేను ఇక్కడ అమెరికాలో ఉద్యోగంలో ఉన్నాను. కెమిస్ట్రీలో మాస్టర్స్ చేసి, హెచ్-వన్ వీసా మీద ఒక యూనివర్సిటీ ఊళ్ళో లాబ్‌లో చేరాను. పాత వస్తువుల వయసు చెప్పే లాబ్ అది. కట్టె, ఎముక, గింజ, బొగ్గు, ఏదైనా సరే, ఒకప్పుడు ప్రాణమున్నదైతే చాలు. ప్రాణం పోయాక అందులోని ఒక రకం కార్బన్ మెల్లగా తగ్గిపోతూ ఉంటుంది. ఎంత తగ్గిందో చూస్తే ఎప్పుడు చచ్చిందో తెలుస్తుంది. బొగ్గును ఆసిడ్‌లో, క్షారంలో, మళ్ళీ ఆసిడ్‌లో కడిగి, కాల్చి, వచ్చిన వాయువును మిరియపు గింజంత బిళ్ళగా చేసి మెషీన్‌కి ఇవ్వడం నా పని. కడిగేసరికి ఏ బొగ్గైనా ఒకేలా ఉంటుంది, రాజుగారి చితిలోదైనా పెరట్లో బార్బెక్యూలోదైనా.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. పంపినదానిలో సగమే వాడతాం. మిగిలిన సగాన్ని సీసాలో వేసి, మూత బిగించి, రెండేళ్ళు సొరుగులో ఉంచుతాం. ఎవరికైనా అనుమానం వస్తే మళ్ళీ చూడటానికి. రెండేళ్ళు దాటినా ఎవరూ అడగకపోతే పారేసి, పారేసినట్టు సంతకం పెడతాం.

ఆ లాబ్‌లో నాకొక పేరుండేది. తప్పు చేయని అమ్మాయి అని. చిన్నప్పటి నుంచీ నాకున్న ఆస్తి అదొక్కటే. క్లాసులో ఫస్ట్, కాలేజీలో ఫస్ట్. అది పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. వేసుకుని ఉంటే బాగుండేది.

ఆయన ఒక జూన్ నెలలో వచ్చారు. జపాన్‌లో పుట్టి, కుర్రతనంలో చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, అదే యూనివర్సిటీలో దశాబ్దాల పాటు చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు. భార్య పోయారు. ఒక్కతే కూతురు, రెడ్‌మండ్‌లో ఉంటుంది. ఆయన చేతిలో ఒక పాత టీ డబ్బా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నాకు అందించారు. ఇంకో సంచిలో ఫాయిల్‌లో చుట్టిన కాల్చిన చిలగడదుంపలు తెచ్చారు, లాబ్‌లో అందరికీ. ఇంకా వేడిగా ఉన్నాయి. మా ఊళ్ళోనూ ఇలాగే కాల్చుకు తింటామని చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆయన సిద్ధాంతం ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. జపాన్‌లో అన్నిటికన్నా పాత రాజుల చరిత్రను దేశం నడుమనున్న యమతో ప్రాంతపు ఆస్థానం వాళ్ళు రాయించుకున్నారు. అందులో వాళ్ళ వంశమే మొదటి నుంచీ దేశాన్ని ఏలినట్టు ఉంటుంది. ఈయన అది అబద్ధమనేవారు. వాళ్ళకన్నా ముందు పడమటి దీవి క్యుషూలో వేరే రాజ్యం ఉండేదనీ, దాన్ని ఓడించినవాళ్ళు ఆ రాజుల యుద్ధాలనూ, రాణులనూ, చివరికి ముత్తాతలనూ కూడా తమవిగా రాసేసుకున్నారనీ ఆయన వాదన. నలభై ఏళ్ళుగా అదే మాట. తోటి చరిత్రకారులు మొదట కోప్పడ్డారు, తరువాత నవ్వారు, ఆపైన పట్టించుకోవడం మానేశారు. ఆయన పేరెత్తితే మా బాస్ కూడా కనుబొమ్మలెగరేసేవాడు.

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలి. అదే వారం, తలా ఒక వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో రిటైరైన డాక్టర్ అంకుల్ ఒకాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన పప్పు వడ్డించుకుంటున్న గరిట అలాగే గాల్లో ఆపేశారు.

"ఇందులో కాంట్రవర్సీ ఏముందమ్మా? జపాన్ రాజులు మన కోస్తా నుంచి షిప్పులెక్కి వెళ్ళినవాళ్ళే. నేను మొత్తం రీసెర్చ్ చేశాను."

"ప్రూఫ్ ఏంటి అంకుల్?"

"ప్రూఫా! వాళ్ళూ అన్నమే తింటారు. వాళ్ళూ చెప్పులు బయటే విప్పుతారు. ఇంకేం కావాలి? నీకు ఈమెయిల్ ఫార్వర్డ్ చేస్తా, చదువు."

అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వులోనే నేను ఆ జపాన్ పెద్దాయన్ని కూడా ఈ అంకుల్ పక్కన కూర్చోబెట్టేశాను. ఇద్దరూ ముసలివాళ్ళు, ఇద్దరికీ తాతముత్తాతల పిచ్చి, లోకం తమకేదో అన్యాయం చేసిందని ఇద్దరికీ గట్టి నమ్మకం. ఇలాంటివాళ్ళు మనకు కొత్తా? ప్రతి పార్టీలో ఒకరుంటారు. తలూపి, ప్లేటు పట్టుకుని, పక్కకు తప్పుకుంటాం.

కాని ఆయన అంకుల్ లాంటివారు కాదు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది, ఎందుకంటే అది నా చేతిలోనే ఉంది, టీ డబ్బాలో. క్యుషూలో ఒక పాత సమాధి దిబ్బ అడుగున దొరికిన బొగ్గు అది. అక్కడి బడిపంతులు ఒకాయన ఎప్పుడో తవ్వి దాచిపెట్టి, చనిపోయే ముందు ఈయనకు పంపించాడు. ఇప్పుడు ఆ దిబ్బ లేదు, దాని మీద రోడ్డు వేశారు. ఆ డబ్బాలో ఉన్నంతే లోకంలో మిగిలిన బొగ్గు. ఆయన దాన్ని మాకిచ్చే ముందే అందరికీ చెప్పేశారు. ఈ బొగ్గు దాదాపు పదిహేడు వందల ఏళ్ళ నాటిదైతే తన మాట ఇంకా వినమని అడుగుతారు, కాకపోతే తన సిద్ధాంతాన్ని తానే వెనక్కి తీసుకుంటారు. ఓడిపోతే ఏం చేస్తానో ముందుగానే చెప్పిన మనిషిని నేను మా అంకుళ్ళలో ఒక్కరినీ చూడలేదు. నాలోనూ చూడలేదు.

ఇక నా తప్పు.

మాకు ప్రతి సాంపిల్‌కీ కంప్యూటర్‌లో ఒక పొడవాటి కోడ్ ఉండేది. చేతిలో పని నడిచేటప్పుడు మాత్రం అంత పొడుగు ఎవరూ రాయరు. సీసా మీద టేప్ అంటించి, అది వచ్చిన తేదీ, పక్కన వరస నంబరు రాసేవాళ్ళం. ఆయన బొగ్గు జూన్ ఐదున వచ్చింది. నేను 5-6 అని రాశాను. మన దేశంలో ఎలా రాస్తామో అలా, రోజు ముందు, నెల తరువాత. అమెరికాలో నెల ముందు రాయాలని నాకు తెలియదా? తెలుసు. ఫారాల మీద ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు హడావిడిలో ఉన్నాను, చేతికి పాత అలవాటు వచ్చేసింది.

అదే సొరుగులో ఇంకో మూడు సీసాలున్నాయి. దగ్గర్లోని ఒక పల్లెటూరి చరిత్ర సంఘం వాళ్ళు పంపినవి. వాళ్ళ పాత బార్న్, అంటే పశువుల కొట్టం, ఒకటి కాలిపోతే, దాని దూలాలు ఎప్పటివో తెలుసుకోవాలని ముచ్చట పడ్డారు. అవి మే ఆరున వచ్చాయి. ఇక్కడి కుర్రాడొకడు వాటి మీద 5-6 అని రాశాడు, వాళ్ళ పద్ధతిలో, సరిగ్గా. రెండు గుత్తులు, రెండిట్లోనూ మూడేసి సీసాలు, అన్నిట్లోనూ నల్లటి బొగ్గే. రెండిటినీ ఒకే వారంలో కడిగాను. కడిగాక కోడ్ నంబర్లు ఎక్కించేటప్పుడు బార్న్ బొగ్గుకు ఆయన కోడ్ వేశాను. ఆయన బొగ్గుకు బార్న్ కోడ్ వేశాను.

ఆయన తొందరగా కావాలన్నారు కనుక ఆయన పేరున్నది ముందు మెషీన్ ఎక్కింది. ఫలితం వచ్చింది. మూడు వందల ఏళ్ళు కూడా లేదు. మా బాస్ ఆ కాగితం చూసి, "పాపం" అన్నాడు, నవ్వాపుకుంటూ. రిపోర్టు పంపించేశాం.

కొన్నాళ్ళకు ఆయన వచ్చారు. ఈసారి చేతిలో ఏమీ లేదు. ఇస్త్రీ చేసిన చొక్కా, మెడ దాకా బొత్తాలు. నేను ఒక్కదాన్నే ఉన్నాను లాబ్‌లో. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, కాని పద్నాలుగేళ్ళుగా అది నా తలలో తెలుగులోనే తిరుగుతోంది.

"మిమ్మల్ని ఒక్కటి అడగవచ్చా?"

"అడగండి సర్."

"మొదటి నుంచి చివరి దాకా ఈ పని మీ చేతుల మీదుగానే జరిగిందా?"

"అవును సర్."

"ఎక్కడైనా పొరపాటు జరిగే వీలుందా? మీ మీద అనుమానంతో కాదు. నా వయసు చూస్తున్నారు కదా. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు. అందుకే అడుగుతున్నాను."

"లేదు సర్."

"మిగిలిన సగం మీ దగ్గర ఉంటుందట. దాన్నీ ఒకసారి చూడమంటే?"

"అవసరం లేదు సర్. మళ్ళీ అదే వస్తుంది."

ఆయన తలూపారు. "అయితే నేను పొరబడ్డాను," అన్నారు. తరువాత నా ముందు నడుం వంచి నమస్కారం చేశారు. నాకన్నా యాభై ఏళ్ళు పెద్ద మనిషి. "నిజం చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి" అన్నారు.

ఆ నెలాఖరున యూనివర్సిటీలో ఒక చిన్న హాల్లో ఆయన మాట్లాడారు. ముప్పై మంది ఉంటారేమో. నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. తాను పెట్టుకున్న పరీక్షలో తానే తప్పానని చెప్పారు. అచ్చుకు సిద్ధంగా ఉన్న పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నారు. నలభై ఏళ్ళు తనను నమ్మిన ఇద్దరు ముగ్గురు విద్యార్థుల పేర్లు చదివి, తనను క్షమించమని వాళ్ళను అడిగారు. గొంతు ఒక్కసారీ వణకలేదు. ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసు అన్నారు. నేనూ లేచాను. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ తరువాత బార్న్ ఫలితం వచ్చింది. ఆ పల్లెటూరి పశువుల కొట్టం వయసు పదిహేడు వందల ఇరవై ఏళ్ళట, అటూ ఇటూ ఓ ముప్పై.

ఇదే ఆ అంకె.

స్క్రీన్ మీద అది చూసి మొదట నవ్వొచ్చింది. మెషీన్ చెడిపోయిందనుకున్నాను. తరువాత సొరుగు దగ్గరికి వెళ్ళి సీసాలు తీసి టేపులు చూశాను. 5-6, నా చేతిరాత. 5-6, ఆ కుర్రాడిది. తారుమారు చేసింది నేనే. ఆయన చెప్పిన వయసు అదే. ఆయన పందెం గెలిచారు. ఆ సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

చెప్పి ఉండాల్సింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఒక ఫోన్ కాల్. కాని నా హెచ్-వన్ ఎక్స్‌టెన్షన్ కాగితాలు అప్పుడు మా బాస్ టేబుల్ మీద, అతని సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. నాకు ముందు ఆ కుర్చీలో పనిచేసిన అమ్మాయి ఒక బ్యాచ్ పాడుచేసి ఆ నెలలోనే ఇంటికి వెళ్ళిపోయిందని లాబ్‌లో చెప్పుకునేవాళ్ళు. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే పెళ్ళి ఆగుతుంది. ఇదంతా నిజమే. ఇదే అసలు కారణమని చాలా ఏళ్ళు నమ్మాను కూడా. కాని భయం ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు తగ్గాలి కదా. తగ్గలేదు. తప్పు చేయని అమ్మాయి అనే పేరును నేను ఆ ముసలాయన నలభై ఏళ్ళ కన్నా ఎక్కువ విలువైనదని అనుకున్నాను. దీన్ని ఇంత సూటిగా రాయడం ఇదే మొదలు.

బార్న్ బొగ్గులో మిగిలిన సగాన్ని తీసి, చడీచప్పుడు లేకుండా మళ్ళీ చేశాను. సరైన వయసు వచ్చింది, ఆ సంఘం వాళ్ళకు పంపాను. మొదటి ఫలితం పక్కన "సాంపిల్ కలుషితం" అని రాశాను. బాస్ అడగలేదు. నన్ను ఎవరూ ఎప్పుడూ అడిగేవారు కాదు.

మనసును ఊరుకోబెట్టడానికి నేను చెప్పుకోని మాట లేదు. ఒక్క బొగ్గు ముక్క పదిహేడు వందల ఏళ్ళదైతే అక్కడ రాజ్యం ఉన్నట్టా? అక్కడెవరో మంట వెలిగించినట్టు, అంతేగా? ఒక్క తేదీతో ఏ సిద్ధాంతమైనా నిలబడుతుందా? నిలబడదు. పండితులు వంద అడ్డుప్రశ్నలు వేసి ఉండేవాళ్ళు. అవన్నీ సరైన ప్రశ్నలే. కాని ఆ ప్రశ్నలు వేయించుకునే హక్కు ఆయనది. ఆయన వాదన తప్పే కావచ్చు, ఆయన జీవితమంతా తప్పుదారిలోనే నడిచి ఉండవచ్చు. అది తేల్చాల్సింది నేనా? జపాన్ పాత రాజుల గురించి నాకు తెలిసిందల్లా పాట్‌లక్‌లో అంకుల్ చెప్పింది.

ప్రతి జనవరిలో ఆయన దగ్గర నుంచి ఒక కార్డు వచ్చేది. నేను ఉద్యోగం మారినా, ఊరు మారినా, ఎలాగో అడ్రసు కనుక్కుని పంపేవారు. ఒక కార్డులో, "ఒక అబద్ధాన్ని పట్టుకుని చనిపోకుండా నన్ను కాపాడారు" అని రాశారు. దాన్ని నేను వంటింట్లో నిలబడి చదివాను. చదివి, మడిచి, రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాను. చింపలేకపోయాను, దాచుకోలేకపోయాను. మా ఆయన చూసి, "ఎవరు ఈ తాతగారు, ఇంత ప్రేమగా?" అని ఆటపట్టించాడు. "పాత క్లయింట్" అన్నాను.

ఇంకా ఒకటుంది. ఇది మొదటి తప్పు కన్నా నీచమైనది.

రెండేళ్ళ తరువాత నేను ఆ ఉద్యోగం మానేశాను. పెళ్ళయింది, మా ఆయన వీసా మీదికి మారాను, ఇటువైపు వచ్చేస్తున్నాను. ఆఖరి వారంలో పారేయాల్సిన సీసాల జాబితా నా ముందుకు వచ్చింది. అందులో ఆయనవి మూడు. అప్పటికి నా వీసాకీ ఆ బాస్‌కీ సంబంధం లేదు. నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. ఆ సీసాలు పక్కన పెట్టి, ఇంకోసారి చూడండి అని ఒక్క చీటీ రాసి వెళ్ళిపోయినా చాలు. నేను ఏం చేశానో తెలుసా? సీసాలు ఖాళీ చేశాను. కడిగాను. సంతకం పెట్టాను. చేతులు కడుక్కుని, ఫేర్‌వెల్ కేక్ కోయడానికి వెళ్ళాను.

మొదటిది పొరపాటు. ఇది పొరపాటు కాదు.

ఆయన ఈ చలికాలంలో పోయారు. మూడు వారాల క్రితం వాళ్ళమ్మాయి మెయిల్ రాసింది. నాన్న కాగితాలు ఒక లైబ్రరీకి ఇస్తున్నాం, ఆయన జీవితం గురించి రెండు పేజీలు రాస్తున్నాను, తన సిద్ధాంతాన్ని తానే వదులుకున్న రోజుల గురించి మీరు నాలుగు మాటలు చెప్తారా అని. చివర్లో ఇంకో వాక్యం ఉంది. "నిజం చెప్పిన అమ్మాయి అని నాన్న మీ గురించి ఆసుపత్రిలో కూడా చెప్పేవారు."

ఆ వాక్యంతో రెండు వారాలు గడిపాను. నిద్ర లేదు. స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను. ఆమె ఎవరి మీదైనా కేసు వేస్తుందా? పాత లాబ్‌లో తెలుస్తుందా? మా ఆయనకు తెలిస్తే? మా అమ్మాయికి తెలిస్తే? ఇన్ని భయాల్లో ఆయన ఒక్కసారైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. లేరు. అన్నీ నా గురించే. అది చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసి, మొన్న మంగళవారం అన్నీ రాసి పంపేశాను. టేపులు, 5-6, బార్న్, అంకె, పారేసిన సీసాలు. మీకు చెప్పినట్టే చెప్పాను.

ఇందాక మా అమ్మాయి వచ్చి కారు అద్దం తట్టింది. పదేళ్ళు దానికి. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"అమ్మా, నా వాటర్ బాటిల్ కార్‌లో ఉందా?" అని, నా ముఖం చూసి ఆగింది. "నువ్వు క్రై చేస్తున్నావా?"

"లేదురా. ఎలర్జీ."

"నువ్వు ఆల్వేస్ అదే చెప్తావు," అని బాటిల్ తీసుకుని పరుగెత్తింది.

దానికీ అర్థమైపోయింది. మీకూ అర్థమయ్యే ఉంటుంది, నేనింకా ఏదో దాస్తున్నానని.

వాళ్ళమ్మాయి జవాబు ఇవాళ పొద్దున వచ్చింది. ఇక్కడ కారు ఆపగానే చూశాను. తిట్లు లేవు. క్షమించానని లేదు. కేసు మాట లేదు. ఒక్క ప్రశ్న ఉంది. "మా నాన్న లాబ్‌కి వచ్చి, పొరపాటు జరిగిందా అని మిమ్మల్ని అడిగిన రోజున, మీకు తెలుసా?"

అసలు మీకు ఇదంతా రాయడం మొదలుపెట్టింది ఆ ప్రశ్నకు జవాబు రాయకుండా తప్పించుకోవడానికే. గంటకు పైగా మీతో మాట్లాడుతూ కూర్చున్నాను. ఆమెకు రాసినప్పుడు చేసినట్టే, మీ దగ్గర కూడా రెండు సంగతులు ముందు వెనకలు చేశాను. ఆయన వచ్చి వెళ్ళాక, ఆయన ప్రసంగం అయ్యాక బార్న్ ఫలితం వచ్చిందని రాశాను కదా? అది అబద్ధం. ఇన్నేళ్ళుగా నాకు నేను అలాగే చెప్పుకుంటున్నాను. ఆ వరసలో చెప్పుకుంటే కొంచెం బతకబుద్ధవుతుంది.

బార్న్ ఫలితం సోమవారం వచ్చింది. ఆయన గురువారం వచ్చారు.

ఆయన నా ముందు నిలబడి పొరపాటు జరిగే వీలుందా అని అడుగుతున్నప్పుడు, నా వెనక టేబుల్ మీద గాజు గ్లాసులో బార్న్ బొగ్గు రెండో సగం ఆసిడ్‌లో నానుతోంది, నా తప్పు దిద్దుకోవడానికి నేను పెట్టుకున్నదే. మిగిలిన సగాన్ని చూడమంటే అని ఆయన అడిగినప్పుడు, ఆ సగం ఉన్న సొరుగు నా మోకాలికి తగులుతోంది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను. కావాలనే. అవసరం లేదు సర్ అన్నాను. హాల్లో చప్పట్లు కొట్టింది కూడా అన్నీ తెలిసే.

క్లాసు వదలడానికి పది నిమిషాలుంది. ఆమెకు జవాబు టైప్ చేశాను. మొదట ఒక పేరా అంతా రాశాను, వీసా గురించి, నా వయసు గురించి. చెరిపేశాను. "తెలుసు. మూడు రోజుల ముందు నుంచే తెలుసు" అని రాసి పంపాను.

ఆమె మళ్ళీ రాస్తుందేమో. రాయకపోవచ్చు. ఇక నా గురించి ఏమనుకోవాలో ఆమె ఇష్టం, మీ ఇష్టం. ఊపిరి మాత్రం కడుపు దాకా వెళ్ళి వస్తోంది, చాలా ఏళ్ళ తరువాత. దానికి నేను తగనని తెలుసు. అయినా వస్తోంది.

పిల్లలు బయటికి వస్తున్నారు. ఎవరికీ వినపడకుండా అద్దాలు ఎత్తేసి, ఆ గురువారం అనాల్సిన మాట పైకే అన్నాను. సర్, మీ బొగ్గు తారుమారైంది, నా వల్ల. వయసు మీరు చెప్పినంతే వచ్చింది.